ఏడున్నర వేల కుట్ల మొహం

తన మొహం ఖరీదెంతో మనిషికి బతికుండగా తెలియకూడదు. తెలిస్తే ఏమవుతుందో చెప్పడానికి లిఫ్టుల పెద్దాయన సంగతి ఒక్కటి చాలు.

ఆయనకి డెబ్బై ఒకటి. నలభై ఏళ్ళ కిందట ఒక పాత వ్యాను, నాలుగు స్పానర్లు, ఇంత పొడుగు మీసం పెట్టుబడిగా లిఫ్టులు బాగుచేసే కంపెనీ పెట్టాడు. కంపెనీ పెరిగింది, మీసమూ పెరిగింది. వ్యాన్ల మీద, రసీదుల మీద, గుమ్మం మీది బోర్డు మీద లోగో ఆయన మొహమే. కళ్ళజోడు, నుదుటి మీద మూడు మడతలు, కొసలు మెలితిరిగిన మీసం. ఆఫీసంటే ఎక్కడో కాదు, వాళ్ళ ఇంటి ముందుగదే. ఒక బల్ల, ఓనరు కూర్చునే తిరిగే కుర్చీ, గోడకి లిఫ్టు తాళాల బోర్డు, మూలగా స్టూలు మీద ఫోను, ఫోను పక్కన ఆయన భార్య.

ఆవిడ చేసే పనేమిటని అడిగితే ఇంట్లో ఎవరూ సూటిగా చెప్పలేరు. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు ఫోన్ చేస్తే ఎత్తుతుంది, మెకానిక్ వెళ్ళేదాకా వాళ్ళతో మాట్లాడుతూ కూర్చుంటుంది. అంతే. పెద్దాయన దృష్టిలో అది పని కింద జమ కాదు. ఎలాగూ మాట్లాడే మనిషే కదా, ఫోన్లో మాట్లాడుతోంది అనుకునేవాడు.

రెండేళ్ళ కిందట ఆయన చేతులు వణకడం మొదలైంది. వణికే చేతులున్న మనిషిని లిఫ్టు గోతిలోకి ఎవరు దించుతారు? కోడలు పగ్గాలు పట్టుకుంది, కొడుకు పెద్ద మెకానిక్ అయ్యాడు. పెద్దాయనకి తిరిగే కుర్చీ మిగిలింది, లోగో మిగిలింది. కుర్చీలో కూర్చుని తిరగడం తప్ప చేసేదేమీ లేదు కాబట్టి నిజానికి మిగిలింది లోగో ఒక్కటే. ఆ సంగతి ఆయనకీ తెలుసు. ఎవరైనా వ్యాను కడుగుతుంటే దగ్గర నిలబడి మీసం దగ్గర మెల్లిగా రుద్దమనేవాడు.

ఇంకొకటి చెప్పకపోతే తర్వాత జరిగిందంతా పిచ్చి కింద లెక్కవుతుంది. ఆయనకో నియమం ఉంది. బోర్డు మీద ఏముంటే లోపల అదే ఉండాలి. మూడు వ్యాన్లని రాసి ఉండగా ఒకటి చెడిపోతే, అది బాగయ్యేదాకా మిగతా రెండింటి మీదా మూడు కొట్టేసి రెండు అని తనే రంగుతో రాశాడు. ‘చిరునవ్వుతో సేవ’ అని రాయించిన ఏడాది, పంటి నొప్పితో మొహం ముడుచుకున్న మెకానిక్‌కి రెండు రోజులు సెలవిచ్చి ఇంటికి పంపాడు. అబద్ధం ఆడితే అతుకుతుందేమో గానీ రాస్తే అతకదని ఆయన నమ్మకం.

ఇలాంటి మనిషి ముందు ఒక మంగళవారం పొద్దున్న కోడలు ఒక కాగితం పెట్టింది.

"మావయ్యగారూ, ఇరవై రెండంతస్తుల భవనం మనకి ఖాయమైంది. ఆరు లిఫ్టులు. కానీ యూనిఫాం లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారట. గుండె మీద లోగో కుట్టి ఉండాలట. సోమవారం నుంచి పని."

"శుభం. కుట్టించు."

"కుట్టిద్దామనే అడిగాను. కుట్టు మాస్టారు లెక్క పంపాడు. చదవండి."

పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని చదివాడు. అది బట్టల లెక్కలా లేదు, ఆస్పత్రి రిపోర్టులా ఉంది. నుదుటి మడతలు పందొమ్మిది వందలు. కనుబొమలు పదహారు వందలు. కళ్ళజోడు రెండు వేల మూడు వందలు. కళ్ళు, ముక్కు, చెవులు మూడూ కలిపి మూడు వేల తొమ్మిది వందలు. బుగ్గలు, గడ్డం నాలుగు వేల వంద. జుట్టు మూడు వేల నాలుగు వందలు. మీసం ఐదు వేల రెండు వందలు. వెరసి ఇరవై రెండు వేల నాలుగు వందలు.

"ఇంత డబ్బా!"

"డబ్బు కాదు మావయ్యగారూ, కుట్లు. ఎంబ్రాయిడరీకి డబ్బు కుట్ల లెక్కన కడతారు, వెయ్యికి ఇంత అని. చొక్కా ఎంత మంచిదైనా ఫరవాలేదు, చవకే. దాని మీద మీ మొహం కుడితేనే చొక్కా కంటే రెండింతలవుతోంది. మెకానిక్‌లు పద్నాలుగు మంది. ఒక్కొక్కరికి ఎనిమిది వేల కుట్ల దాకా అయితే నేను తట్టుకోగలను. అది దాటితే లిఫ్టులకి కొత్త తాళ్ళు కొనే డబ్బు చొక్కాలకి పోతుంది."

"దాటితే ఏం చేస్తావు?"

కోడలు ఇంకో కాగితం తీసింది. ఒక పెట్టె, అందులో పైకొక బాణం, కిందికొక బాణం. "పందొమ్మిది వందల కుట్లలో అయిపోతుంది" అని మెల్లిగా అంది.

పెద్దాయన ఆ పెట్టెను చూశాడు. సరిగ్గా తన నుదుటి మడతల ఖరీదు. "ఇది ఏ లిఫ్టువాడి గుండె మీదైనా ఉండొచ్చు. ఇందులో మనమెక్కడున్నాం?" అన్నాడు. మనం అన్నాడు గానీ నేనెక్కడున్నాను అన్నదే ఆయన కడుపులో మాట. ఆ పెట్టె చొక్కాల మీదికెక్కితే రేపు వ్యాన్ల మీదికెక్కుతుంది, ఎల్లుండి బోర్డు మీదికి, ఆ తర్వాత తను ఈ గదిలో కూర్చున్న ముసలాయన అంతే.

"నాకు శుక్రవారం దాకా టైమివ్వు. ఎనిమిది వేలకి దించి తెస్తా. నట్టు దగ్గర్నుంచి మోటారు దాకా బేరమాడకుండా కొన్నానా నేను?"

మూలన ఆయన భార్య ఫోన్లో ఎవరికో చెబుతోంది. "నేల మీద కూర్చో తల్లీ, ఫరవాలేదు, చీపురుతో ఊడ్చిందేలే. మావాడు బయల్దేరాడు. ఇంతకీ మీ చెల్లెలు ఏమంది?"

కుట్టు మాస్టారి దుకాణంలో ఆరు తలల మెషిన్ ఒకటి రైలింజన్లా మోగుతోంది. ఆరు సూదులు ఒకేసారి ఆరు టోపీల మీద ఒకే కోడిపుంజుని కుడుతున్నాయి. మాస్టారు సన్నగా, నిదానంగా ఉండే మనిషి. ఎదుటివాడి మొహం చూస్తే అందులో కుట్లు తప్ప ఇంకేమీ కనబడవు. పెద్దాయన లోపలికి రాగానే లేచి నమస్కారం పెట్టి, "మీసం ఫొటోలో కంటే ఎక్కువే ఉందండీ, ఇంకో మూడు వందలు పడేట్టుంది" అన్నాడు.

"కుట్టడం దేనికయ్యా, అచ్చు వేసెయ్."

"వేయొచ్చండీ. అచ్చుకి ఒక్కో రంగుకీ ఒక్కో తెర కట్టాలి. మీ మొహంలో ఆరు రంగులు. ఆరు తెరలు కట్టి పద్నాలుగు చొక్కాలు కొట్టడమంటే, వీధి చివరిదాకా వెళ్ళడానికి బస్సు కొనుక్కోవడమే. పైగా గ్రీజు మరకలకి మీవాళ్ళు ఉతికే ఉతుకుడుకి రెండు నెలల్లో మీరు వెలిసిపోతారు."

"వంద చొక్కాలు చేయిస్తే?"

"వందయితే చవకే. తెర ఖర్చు వంద మంది మీద పడుతుంది కదండీ. ఎంతమంది ఉన్నారు?"

"పద్నాలుగు."

"ఇంకో ఎనభై ఆరు మందిని పనిలో పెట్టుకుంటే కిట్టుబాటవుతుంది" అన్నాడు మాస్టారు. వేళాకోళం కాదు, కాగితం మీద లెక్క వేసి మరీ చెప్పాడు. పెద్దాయన కూడా ఒక నిమిషం నిజంగానే ఆలోచించాడు.

అక్కడి నుంచి బేరం అసలు దారిలో పడింది. పక్కకి తిరిగిన మొహమైతే చెవి ఒకటే, కన్ను ఒకటే, సగం ధరకి రావాలి కదా అన్నాడు పెద్దాయన. పక్కకి తిప్పితే ముక్కు బయటికొస్తుంది, ముక్కుకి ఆరు వందలు పెరుగుతాయి, మీసం గాల్లో నిలబడాలి కాబట్టి దానికింద అదనపు దారం పోయాలి అన్నాడు మాస్టారు. కళ్ళు మూసుకుంటేనో? రెప్పలకి వెంట్రుకలు కుట్టాలి, తెరిచి ఉంచడమే లాభం. మెడ తీసేస్తేనో? మెడ లెక్కలోనే లేదండీ, మీకు మెడ ఎవరు కుడుతున్నారు?

గంట సేపు గుంజాటన పడి రెండు తగ్గించుకున్నాడు. నుదుటి మడతలు పోయాయి, కళ్ళజోడు పోయింది. పద్దెనిమిది వేల రెండు వందలు. బేరం గెలిచినవాడి ఉషారుతో లేచి, గుమ్మం దాకా వచ్చి, టక్కున ఆగిపోయాడు. లోగోలో కళ్ళజోడు లేదు. తనకుంది. బోర్డు మీద ఒకటి, లోపల ఒకటి. నలభై ఏళ్ళలో చెయ్యని పని ఇప్పుడు చేస్తాడా? కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఇంటికి వస్తూ దారిలో ఒక స్తంభానికి క్షమించమని చెప్పాడు.

ఇక మడతల సంగతి. నుదురు ముడిపడకుండా ఉండాలంటే ఆశ్చర్యపోకూడదు, కోప్పడకూడదు, పైకి చూడకూడదు. భోజనాల దగ్గర అందరికీ హుకుం జారీ అయింది. ఆయనకి కొత్త సంగతేదీ చెప్పకూడదు, చెప్పినా మామూలుగా చెప్పాలి. ఆ పూట కొడుకు ఇంటికొచ్చి, "నాన్నా, స్కూలు లిఫ్టు తాడు తెగేట్టుంది" అన్నాడు. పెద్దాయన నున్నటి నుదురుతో, చలవరాతి బొమ్మలా, "ఓహో, అలాగా" అన్నాడు. కొడుకు భయపడి అమ్మ వైపు చూశాడు.

"మీ నాన్నకి మొహం తగ్గించారురా" అంది ఆవిడ, అన్నం వడ్డిస్తూ.

బుధవారం మీసం వంతు వచ్చింది. ఎన్ని తిప్పలు పడ్డా అది దాటి పోయే దారి కనబడలేదు. మిగతా మొహమంతా ఒక ఎత్తు, మీసం ఒక ఎత్తు. కొసలు మెలితిప్పకుండా తిన్నగా కుడితే నాలుగు వేలు. పొట్టిగా కత్తిరిస్తే మూడు వేలు, అప్పుడది ముక్కు కింద మసిలా కనబడుతుంది. పెద్దాయన ముందుగదిలో పచార్లు చేస్తూ పైకే లెక్కలు కట్టాడు. ఫోను పెట్టేసిన భార్య చాలాసేపు విని విని అంది.

"మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనెట. తాళ్ళు కొనడానికి డబ్బుల్లేవని ఆ పిల్ల మొత్తుకుంటుంటే ఐదు వేల కుట్లు మూతి మీద పెట్టుకుని తిరుగుతారా?"

"నీకేం తెలుసే! జనం ఈ మీసాన్ని చూసి లిఫ్టెక్కేవాళ్ళు. ఈయన బాగుచేశాడంటే పడదు అనేవాళ్ళు."

"అయితే ఉంచుకోండి. పెట్టెలో బాణాలు కుట్టిద్దాం."

ఉన్న మాటంటే ఉలుకెక్కువ. ఆయన విసవిసా స్నానాల గదిలోకి వెళ్ళాడు. మీసం తీసేస్తే లోగో నుంచి ఐదు వేల రెండు వందలు పోతాయి, తీయకపోతే లోగోయే పోతుంది. అద్దంలో ఆ మీసాన్ని చివరిసారిగా చూసుకుందామంటే కళ్ళజోడు లేదు, అలుక్కుపోయిన నల్లటి గీతేదో కనబడింది. వణికే చేతులతో గీసుకుంటే తెగుతుందని కోడల్ని పిలిచాడు. ఆ పిల్ల గడప దగ్గరే నిలబడిపోయింది.

"మావయ్యగారూ, లోగోలో తీసేస్తే చాలు. మీది తీయక్కర్లేదు."

"రాసిందొకటి, ఉన్నదొకటి అయితే అది మోసమమ్మా. కానీయ్."

కానిచ్చింది. గీస్తున్నంతసేపూ కోడలి కళ్ళలో నీళ్ళు తిరుగుతూనే ఉన్నాయి. ఆయన మాత్రం నుదురు ముడిపడుతుందని ఏడవలేదు. మర్నాడు పొద్దున్నే బ్రష్షూ రంగు డబ్బా పట్టుకుని వీధిలోకి వెళ్ళి మూడు వ్యాన్ల మీదా, గుమ్మం మీది బోర్డు మీదా తన కళ్ళజోడునీ, మడతల్నీ, మీసాన్నీ తనే పూసేశాడు. దారినపోయేవాడొకడు ఆగి, "పాపం, పోయారా?" అని అడిగాడు. "లేదు, తగ్గించాం" అన్నాడు పెద్దాయన.

గురువారం మాస్టారి దుకాణంలో బేరం పదమూడు వేల దగ్గర మొదలైంది. బుగ్గలూ గడ్డమూ దారంతో నింపకుండా అంచు గీసి వదిలేస్తే మూడు వేల రెండు వందలు మిగులుతాయి, చొక్కా గుడ్డే మొహం రంగు అవుతుందన్నాడు మాస్టారు. అంటే చొక్కా నీలమైతే నేను నీలంగా ఉండాలా అని పెద్దాయన గొడవ. గుడ్డల కట్ట తెప్పించి, ఒక్కో ముక్కా తన మోచేతి పక్కన పెట్టించుకుని, చామనఛాయ గుడ్డ దొరికేదాకా వదల్లేదు. జుట్టు రేగినట్టు కాకుండా వెనక్కి నున్నగా దువ్వితే సగానికి సగం, అంటే పదిహేడు వందలు తగ్గాయి. వెంటనే అక్కడే నీళ్ళు రాసుకుని దువ్వుకున్నాడు. ఇంకో వంద దిగాలి. కనుబొమలు సన్నగా చేస్తే ఆరు వందలు దిగుతాయన్నాడు మాస్టారు. పక్కనే ఉన్న బ్యూటీ పార్లర్లో అమ్మాయి దారంతో ఆయన కనుబొమలు తీస్తుంటే, నొప్పికి నుదురు ముడివేయకుండా కూర్చోవడమే ఆయన జీవితంలో చేసిన అతి కష్టమైన పని అని తర్వాత చెప్పుకున్నాడు.

ఏడు వేల ఐదు వందలు! కోడలు ఇచ్చిన గీతకి ఐదు వందలు ఇవతలే. పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలి, మీసం మెలేయబోయి ఉత్త చర్మం మెలేశాడు.

మాస్టారు ఒక గుడ్డ ముక్క మీద నమూనా కుట్టి తెచ్చి చేతికిచ్చాడు. "బాగా చూసి సంతకం పెట్టండి. సంతకం పెట్టాక మార్పుల్లేవు. కుట్టింది విప్పితే గుడ్డకి చిల్లులు పడతాయి."

పెద్దాయన నమూనాని దగ్గరగా పట్టుకున్నాడు, దూరంగా పట్టుకున్నాడు. గుండ్రంగా ఏదో ఉంది. కళ్ళజోడు జేబులోనే ఉంది. కానీ ఆ గుడ్డ మీది మనిషికి కళ్ళజోడు లేదు కదా! తన మొహాన్ని చూసుకోవడానికి తన మొహంలో లేనిదాన్ని పెట్టుకుంటాడా? వేలితో తడిమి చూశాడు. కుట్టు గట్టిగానే ఉంది.

"నేనే" అని సంతకం పెట్టాడు.

శనివారం పొద్దున్న చొక్కాల మూట వచ్చింది. పద్నాలుగు మంది మెకానిక్‌లూ వేసుకుని ముందుగదిలో వరసగా నిలబడ్డారు. ఒకడు పక్కవాడి గుండె వైపు చూశాడు, పక్కవాడు మూలన ఫోను దగ్గర కూర్చున్న ఆవిడ వైపు చూశాడు. చివరికి కొడుకే నోరు విప్పాడు.

"నాన్నా, ఇది అమ్మ కదా."

నున్నగా వెనక్కి దువ్విన జుట్టు, సన్నటి కనుబొమలు, గుండ్రటి బుగ్గలు, మడతల్లేని నుదురు, ఎదుటివాడు చెప్పేది వింటున్నట్టుండే కళ్ళు. ఫోటో తీసి దించినట్టు ఆవిడే. యాభై ఏళ్ళు కాపురం చేస్తే మొగుడూ పెళ్ళాల మొహాలు ఒకటైపోతాయని అంటారు గానీ, ఇరవై రెండు వేల నాలుగు వందల్లోంచి పద్నాలుగు వేల తొమ్మిది వందలు తీసేస్తేనే గానీ అది బయటపడలేదు.

పెద్దాయన కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. ఒక్కొక్కరి గుండె దగ్గరికీ వెళ్ళి వంగి చూశాడు. పద్నాలుగు సార్లు చూశాడు. నుదుటి మీద మూడు మడతలూ ఎక్కడివక్కడ పడ్డాయి.

"మావయ్యగారూ, సంతకం మీదే" అంది కోడలు, నవ్వాలో ఏడవాలో తెలియక. "మళ్ళీ కుట్టించాలంటే మళ్ళీ చొక్కాలు కొనాలి. ఎల్లుండే సోమవారం."

పెద్దాయన ఆ పెట్టెకీ బాణాలకీ భయపడి మూడు రోజులు బేరమాడాడు, మీసం గీయించుకున్నాడు, కనుబొమలు పీకించుకున్నాడు. తన కంపెనీ లోంచి తనని పీసు పీసుగా తనే బయటికి పంపించుకున్నాడు. ఇంకెవరైనా చేసి ఉంటే పోట్లాడేవాడు. ఎవరితో పోట్లాడాలి?

"నన్నెందుకు కుట్టించారండీ? సిగ్గుగా ఉంది. నేనేం చేశానని?" అంది భార్య. వరసలో ఉన్నవాళ్ళు తల తిప్పుకున్నారు. ఎటు తిప్పుకున్నా ఆవిడ మొహాలే.

పెద్దాయన తిరిగే కుర్చీ దగ్గరికి వెళ్ళి, దాని మీది తువ్వాలు తీసి దులిపాడు.

"ఇలా వచ్చి కూర్చో."

"ఎక్కడ? ఓనరు కుర్చీలోనా? మతి పోయిందా?"

"బోర్డు మీద ఎవరుంటే కుర్చీలో వాళ్ళుండాలి. నలభై ఏళ్ళుగా చెబుతున్నానా లేదా? కూర్చో."

ఆవిడ కోడలి వైపు చూసింది. కోడలు తల ఊపింది. ఆవిడ కుర్చీ అంచున, బస్సులో ఎవరిదో సీటులో కూర్చున్నట్టు కూర్చుంది. కుర్చీ కొంచెం తిరిగితే హడలిపోయి బల్ల పట్టుకుంది. మెకానిక్‌లు పనులకి బయల్దేరారు.

వాళ్ళు వీధి మలుపు తిరిగారో లేదో ఫోను మోగింది. ఆవిడ చెయ్యి దానంతటదే లేచింది.

"ఓనర్లు ఫోనెత్తరు" అని పెద్దాయన వెళ్ళి స్టూలు పక్కన కూర్చుని ఎత్తాడు.

"అమ్మగారా?" అటునుంచి ఒగురుస్తున్న గొంతు.

"కాదు, ఆఫీసు. చెప్పండి."

"నేను పళ్ళ డాక్టర్ని. నాలుగుకీ ఐదుకీ మధ్య ఇరుక్కున్నాను. అమ్మగారికివ్వండి."

"అమ్మగారు ఇప్పుడు ఓనరు. నేనున్నానుగా. లైటు వెలుగుతోందా? తలుపు సందు ఎంత కనబడుతోంది? పైన మోటారు చప్పుడేమైనా వస్తోందా? తాడు గట్టిగా లాగినట్టు…"

"తాడా? తాడుకేమైంది?" డాక్టరు ఊపిరి రంపం కోసినట్టు వినబడింది. "తాడు తెగుతుందా? అమ్మగారేరీ?"

పెద్దాయనకి లిఫ్టు గురించి తెలియనిది లేదు. లోపల ఇరుక్కున్న మనిషితో ఏం మాట్లాడాలో మాత్రం ఆయనకి ఒక్క ముక్క తెలియదు. రిసీవరు మీద చెయ్యి అడ్డం పెట్టి, "పళ్ళ డాక్టరు" అని భార్య వైపు చూశాడు. ఫోను లాక్కుంటుందేమో, లాక్కుంటే బాగుండుననుకున్నాడు. ఆవిడ లాక్కోలేదు.

"మోటారు సంగతి ఆయనకెందుకండీ ఇప్పుడు? కింద కూర్చోమనండి. పైన ఆయన కోసం ఎవరు ఎదురుచూస్తున్నారో అడగండి."

"డాక్టరుగారూ, ముందు కింద కూర్చోండి. ఆఁ, నేల మీదే. ఇంతకీ పైన మీ కోసం ఎవరున్నారు?"

"మా అత్తగారు" అన్నాడు డాక్టరు. "కుర్చీలో ఉంది. నోరు తెరిపించి, మూతపడకుండా పట్టీ పెట్టి, మందు తేవడానికి కిందికొచ్చాను."

"నోరు తెరుచుకునే ఉందా?"

"ఉంది. పావుగంటయింది."

"పావుగంటగా మీ అత్తగారు మాట్లాడలేదన్నమాట."

అటువైపు ముందు ఏదో చిన్న చప్పుడైంది. తర్వాత డాక్టరు నవ్వడం మొదలెట్టాడు. నవ్వీ నవ్వీ దగ్గాడు. ఆ తర్వాత అడక్కుండానే అన్నీ చెప్పుకొచ్చాడు. అత్తగారి పన్ను, ఆవిడ తనని అసలైన డాక్టరుగా ఎప్పుడూ ఒప్పుకోకపోవడం, చిన్నప్పుడు బీరువాలో ఇరుక్కున్న సంగతి. పెద్దాయన "ఆఁ", "అయ్యో", "తర్వాత?" అంటూ విన్నాడు. ఈలోగా కోడలు ఫోన్ చేసి పంపిన కొడుకు పదకొండు నిమిషాలకి అక్కడికి చేరి తలుపు తెరిచాడు.

ఫోను పెట్టేసి చూసుకుంటే చొక్కా వీపున తడిసిపోయి ఉంది. పది అంతస్తుల లోతు గోతిలో ఒంటి చేత్తో వేలాడినప్పుడు కూడా ఇంత అలసట లేదు.

"ఇలాంటివి రోజుకెన్ని వస్తాయే?"

"ఐదో ఆరో. కరెంటు పోతే పన్నెండు."

"ఈ నలభై ఏళ్ళూనా? నాకెప్పుడూ చెప్పలేదేం?"

"మీరెప్పుడు అడిగారు?" అంది ఆవిడ. ఎత్తిపొడుపేం లేదు, ఉన్న మాట చెప్పింది. ఆయన తల వంచుకున్నాడు. ఆయనకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఈసారి నుదురు సంగతి పట్టించుకోలేదు.

గుమ్మంలో నిలబడి కోడలు ఇదంతా చూస్తూనే ఉంది. లోపలికొచ్చి తన ఫోన్లో కుట్టు మాస్టారికి కలిపింది.

"మాస్టారూ, ఇంకొక్క చొక్కా కావాలి. అదే రంగు, అదే బొమ్మ."

మాస్టారి గొంతు గది అంతా వినబడింది. ఒక్కదానికి మెషిన్ ఎక్కించాలంటే మూడు చొక్కాల ఖరీదు పడుతుందమ్మా, ఇంకో అయిదు కలపండి, రేటు దిగుతుంది, లేదా తర్వాతి ఆర్డరు దాకా ఆగండి.

"ఆగను. మూడు చొక్కాల ఖరీదయినా ఇస్తాను. ఒకటే కుట్టండి" అంది కోడలు, కుట్టు కుట్టుకీ లెక్క కట్టిన పిల్ల. "ఫోన్లో కూర్చునే మా మావయ్యగారికి. మెడ దగ్గర కొంచెం వదులుగా ఉండనివ్వండి, రోజంతా మాట్లాడాలి."

మూడు చొక్కాల ఖరీదా! పెద్దాయన బేరానికి నోరు తెరిచాడు. ఇంతలో ఫోను మోగింది. ఆయన చెయ్యెత్తి కోడల్ని ఒక్క నిమిషం ఆగమని సైగ చేసి, రిసీవరు తీసుకున్నాడు.

"చెప్పండి. భయమేం లేదు, ముందు కింద కూర్చోండి."